సముద్రతీర పట్టణాల చుట్టూ తేలికైన నడకదారులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక నడకదారిని "తేలికైనది" అని ఏ లెక్కన అంటారు?

సాధారణంగా మూడు విషయాలు చూసి ఆ మాట అంటారు. అవి దారి పొడవు, మొత్తం మీద ఎక్కవలసిన ఎత్తు, కాలి కింద నేల తీరు. గంట నుంచి మూడు గంటలలోపు ముగిసి, చేతులతో పట్టుకుని ఎక్కవలసిన చోటు ఒక్కటీ లేకుండా, మామూలు ఆరోగ్యం ఉన్నవారు ప్రత్యేకమైన అలవాటు లేకుండానే నడవగలిగిన దారిని చాలా చోట్ల ఈ తరగతిలో వేస్తారు. అయితే ఈ వర్గీకరణకు ప్రపంచమంతటికీ చెల్లే ఒకే కొలమానం లేదు కనుక, ఒక దేశంలో "తేలిక" అని బోర్డు పెట్టిన దారి మరో దేశంలో "మధ్యస్థం" కావచ్చు.

ఈ మూడు కొలతలకూ అందని నాలుగో విషయం వేళ. పొద్దున నీరు వెనక్కు తీసిన ఆటు సమయంలో గట్టి తడి ఇసుక మీద హాయిగా సాగిన రెండు కిలోమీటర్లే, అదే రోజు మధ్యాహ్నం నీరు పైకెక్కే పోటు వచ్చాక మెత్తటి పొడి ఇసుకలో, నడినెత్తి ఎండలో, ఎదురుగాలిలో నడవవలసి వస్తే దారి మారకుండానే కష్టమైపోతుంది. అందువల్ల ఈ ప్రశ్నలలో "ఏ దారి" అన్నదాని కంటే "ఎప్పుడు" అన్నదానికే ఎక్కువ చోటు దక్కింది.

తీర పట్టణాల చుట్టూ ఏయే రకాల దారులు ఉంటాయి?

పట్టణం మధ్యనే సముద్రపు గట్టు వెంట చదునుగా వేసిన నడకబాట, ఇసుక తీరం, ఇసుకదిబ్బల మీదుగా వేసిన చెక్కబాట, కొండ అంచున సాగే కాలిబాట, లైట్‌హౌస్ వరకు వెళ్లే పాత సేవాదారి, ఉప్పుటేటి కరకట్ట. దాదాపు ఏ తీర పట్టణంలోనైనా వీటిలో రెండు మూడు రకాలు ఉంటాయి.

వీటిలో చాలావరకు విహారం కోసం పుట్టినవి కావు. లైట్‌హౌస్‌కు నూనె, సామాన్లు చేరవేయడానికో, చేపల గుంపులను పైనుంచి కనిపెట్టడానికో, దొంగ రవాణా మీద నిఘా పెట్టడానికో వేసినవి. ఇంగ్లండ్ నైరుతి తీరం వెంట సుమారు 1,014 కిలోమీటర్లు సాగే సౌత్ వెస్ట్ కోస్ట్ పాత్ చాలావరకు తీర గస్తీవాళ్లు నడిచిన బాటే. దొంగసరుకు దించే అవకాశమున్న ప్రతి చిన్న వంపులోకీ వాళ్లు తొంగి చూడవలసి వచ్చేది కాబట్టి, ఆ బాట ఈనాటికీ ప్రతి వంపులోకీ దిగి మళ్లీ పైకెక్కుతుంది. పటంలో సముద్రమట్టానికి దగ్గరగా కనిపించే తీరపు దారి ఎక్కుడు దిగుళ్లతో అలిసిపోయేలా చేయడానికి కారణం చాలాసార్లు ఇలాంటి చరిత్రే.

మొదటిసారి వెళ్లేవారు దేనితో మొదలుపెట్టాలి?

లైట్‌హౌస్ దారితో మొదలుపెట్టడం మేలని మా అభిప్రాయం. బండి వెళ్లేందుకు వేసినది కనుక వాలు తక్కువగా, నేల గట్టిగా ఉంటుంది. గమ్యం దూరం నుంచే కనిపిస్తూ ఉంటుంది కనుక దారి తప్పే భయం ఉండదు, పోటు నీటితో కూడా చాలావరకు పని ఉండదు. ఇసుక తీరం అందరికీ సులువుగా తోస్తుంది గానీ, కింద చెప్పబోయే కారణాల వల్ల దానిని రెండో రోజుకు ఉంచుకోవడం మంచిది.

నడకకు ఎంతసేపు పడుతుందో ముందుగా అంచనా వేయడం ఎలా?

స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. అయిదు కిలోమీటర్లకు ఒక గంట వేసుకుని, ఎక్కే ప్రతి 100 మీటర్ల ఎత్తుకూ 10 నిమిషాలు కలపాలి. ఇది ఆగకుండా నడిచే అలవాటున్నవారి లెక్క. పిల్లలతోనో, ఫొటోలు తీసుకుంటూనో వెళ్లేవారు వచ్చిన సమయానికి సగం అదనంగా చేర్చుకుంటే నిజానికి దగ్గరగా ఉంటుంది.

తీరంలో కంటిని మోసగించే సంగతి ఇంకొకటి ఉంది. వంపు తిరిగిన తీరానికి ఒక కొసన నిలబడి చూస్తే అవతలి కొస నీటి మీదుగా ఎంతో దగ్గరగా కనిపిస్తుంది, మధ్యలో చెట్టూ ఇల్లూ లేకపోవడంతో దూరం తెలియదు. ఆ వంపు సరిగ్గా అర్ధవృత్తమైతే, నీటి మీదుగా 2 కిలోమీటర్లున్న చోటుకు ఒడ్డు వెంట 3.14 కిలోమీటర్లు నడవాలి. తిరుగు ప్రయాణంతో కలిపి ఆరు కిలోమీటర్ల పైమాటే. "అదిగో, కనిపిస్తూనే ఉంది కదా" అని బయలుదేరినవారు నీళ్ల సీసా కూడా తీసుకోకుండా వెళ్లడానికి కారణం ఈ భ్రమే.

ఇసుకలో నడిస్తే అంత అలసట ఎందుకు?

గట్టి నేల మీద పాదం మోపినప్పుడు నేల కదలదు, తోసిన బలమంతా మనిషిని ముందుకు నడపడానికే పోతుంది. పొడి ఇసుకలో పాదం దిగబడి వెనక్కు జారుతుంది గనుక ఆ బలంలో కొంత ఇసుకను కదల్చడానికే ఖర్చవుతుంది. మెత్తటి పొడి ఇసుక మీద అదే వేగంతో నడవడానికి గట్టి నేలతో పోలిస్తే రెట్టింపుకు పైగా శక్తి కావాలని ప్రయోగాలలో తేలింది.

దీనికి మందు కూడా ఆ తీరంలోనే ఉంది. ఇసుక రేణువుల మధ్య కొద్దిపాటి నీరు చేరితే తలతన్యత వాటిని ఒకదానితో ఒకటి పట్టి ఉంచుతుంది. అందుకే నీరు అప్పుడే వెనక్కు తీసిన తడి పట్టీ సిమెంటు బాటలా గట్టిగా ఉంటుంది. అయితే ఆ పట్టీ సముద్రం వైపు వాలి ఉండడం వల్ల ఒక కాలు ఎప్పుడూ కిందగా పడుతుంది, చాలా దూరం ఒకే దిశలో నడిస్తే మోకాలు, తుంటి పట్టేస్తాయి. వెళ్లిన దారినే తిరిగి వస్తే ఆ భారం రెండో కాలికి మారుతుంది కాబట్టి, ఇసుక తీరం మీద మాత్రం చుట్టు దారి కంటే పోయిన దారినే రావడం ఒంటికి మంచిది.

ఆటుపోట్ల గురించి ఎంతవరకు తెలుసుకోవాలి?

తీరపు నడకకు సంబంధించి ఒక్క విషయమే నేర్చుకునే ఓపిక ఉంటే, నేర్చుకోవలసింది ఇదే.

ఎక్కువ తీరాలలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆటులు వస్తాయి. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు, పోటు నుంచి ఆటుకు ఆరు గంటల పైచిలుకు పడుతుంది. చంద్రుడు కూడా భూమి చుట్టూ కదులుతూ ఉంటాడు గనుక ఈ వేళలు రోజుకు సగటున 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. నిన్న తొమ్మిదింటికి ఖాళీగా ఉన్న తీరం ఈరోజు తొమ్మిదింటికి అలాగే ఉంటుందనుకోవచ్చు గానీ, వారం తర్వాత అదే తొమ్మిదింటికి అక్కడ పోటు నీరు ఉంటుంది. కొన్ని తీరాలలో రోజుకు ఒకే పోటు వస్తుంది.

నీరు ఎంత ఎత్తుకు లేస్తుందన్నది చోటును బట్టి విపరీతంగా మారుతుంది. మధ్యధరా సముద్రంలో చాలాచోట్ల తేడా అర మీటరు కూడా ఉండదు కనుక అక్కడి నడకదారులలో ఈ ప్రస్తావనే రాదు. కెనడాలోని ఫండీ అఖాతంలో మాత్రం అది సుమారు 16 మీటర్ల దాకా ఉంటుంది. ఒక తీరంలో సంపాదించిన అనుభవాన్ని మరో తీరానికి మోసుకుపోకూడదు.

నీరు ఒకే వేగంతో పెరగదన్న సంగతి చాలామందికి తెలియదు. ఆటు నుంచి పోటుకు పట్టే ఆరు గంటలలో మొదటి గంట మొత్తం పెరుగుదలలో పన్నెండో వంతు, రెండో గంట రెండు వంతులు, మూడో గంట, నాలుగో గంట మూడేసి వంతులు, ఆ తర్వాత మళ్లీ రెండు, ఒకటి. ఇది నావికులు వాడే ఉజ్జాయింపు లెక్క. మొత్తం తేడా 6 మీటర్లయితే మొదటి గంటలో అర మీటరే పెరిగిన నీరు, మూడో గంటలో ఏకంగా మీటరున్నర పెరుగుతుంది. మొదటి గంట చూసి "ఇంకా చాలా సమయం ఉంది" అనుకుని కొండకొమ్ముకు, అంటే సముద్రంలోకి చొచ్చుకు వచ్చిన కొండ కొసకు, అవతలి తీరంలో కూర్చున్నవారు ఇరుక్కుపోయేది ఆ తర్వాతి రెండు గంటల్లోనే.

కాబట్టి కొండ పాదం చుట్టూ తిరిగి వెళ్లే దారి అయితే, నీరు ఇంకా తీస్తూ ఉండగానే, అంటే ఆటు వేళకు గంటన్నర రెండు గంటల ముందే బయలుదేరి, ఆటు తిరిగే సమయానికి ఆఖరి కొమ్మును దాటి ఇవతలికి వచ్చేలా చూసుకోవాలి. ఆటుపోట్ల పట్టికలో ఇచ్చిన వేళలు ఆ ఊరి రేవుకు సంబంధించినవో కావో, వేసవిలో గడియారాలు గంట ముందుకు జరిపే దేశమైతే ఆ గంట లెక్కలో కలిపారో లేదో కూడా చూడాలి. పట్టిక చంద్రసూర్యుల ఆకర్షణను మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది, వాతావరణాన్ని కాదు. గాలి ఒత్తిడి ఒక హెక్టోపాస్కల్ తగ్గితే సముద్రమట్టం సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, ఒడ్డు వైపు వీచే బలమైన గాలి దానికి మరికొంత జతచేస్తుంది. తుఫాను దరిదాపుల్లో ఉన్న రోజున పట్టికను నమ్ముకుని కొండ పాదం వైపు వెళ్లరాదు.

పట్టిక దొరకకపోతే తిథిని బట్టి చెప్పవచ్చా?

కొంతవరకు చెప్పవచ్చు. సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరుసలోకి వచ్చే అమావాస్య, పౌర్ణమి రోజులకు ఒకటి రెండు రోజుల తర్వాత, అంటే పాడ్యమి విదియల నాటికి, పోటు బాగా ఎక్కి ఆటు బాగా తీస్తుంది. అష్టమి దాటిన ఒకటి రెండు రోజులకు ఈ తేడా అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. క్యాలెండరులో తిథి చూసుకునే అలవాటు ఉన్నవారికి ఇది చేతిలో ఉన్న సాధనమే. అయితే తిథి నీరు ఎంత లేస్తుందో సూచిస్తుంది గానీ, ఏ గంటకు లేస్తుందో చెప్పదు. దానికి ఆ చోటు లెక్క తెలిసినవారిని, ముఖ్యంగా రేవులో పడవలు నడిపేవారిని, అడగడమే మార్గం.

నీరు చుట్టుముడితే ఏం చేయాలి?

కొమ్ము చుట్టూ ఈది బయటపడే ప్రయత్నం చేయకూడదు, పెళ్లలు రాలుతున్న కొండ పైకి ఎగబాకనూ కూడదు. ఈ రెండూ ప్రాణాల మీదికి తెచ్చేవే. అందుబాటులో ఉన్నవాటిలో ఎత్తైన, కెరటం తాకని చోటికి చేరుకుని, వెంటనే అత్యవసర సహాయానికి ఫోన్ చేసి, ఎంతమంది ఉన్నారో, ఏ కొమ్ముకు ఏ పక్కన ఉన్నారో చెప్పి అక్కడే ఉండాలి. రాతి మీద నాచు, గుల్లలు ఎంత ఎత్తు వరకు పట్టి ఉన్నాయో చూస్తే పోటు నీరు మామూలుగా ఎక్కడిదాకా వస్తుందో తెలుస్తుంది.

కొండ అంచున నడిచేటప్పుడు ఎంత దూరంలో ఉండాలి?

పైనుంచి చూస్తే అంచు గట్టిగానే కనిపిస్తుంది. కింద అలలు పాదాన్ని తొలిచి ఉండవచ్చు, నిలుచున్న పచ్చిక గాలిలోకి చొచ్చుకు వచ్చిన పలకే కావచ్చు. ఆ సంగతి నిలుచున్నవారికి తెలియదు, దూరం నుంచి చూసేవారికే తెలుస్తుంది. బాట మీదనే ఉండడం, అంచుకు సమాంతరంగా నేలలో పగుళ్లు కనబడితే వాటికి లోపలి వైపునే నడవడం కనీస జాగ్రత్త. పెద్ద వాన కురిసిన తర్వాత కొన్ని రోజుల పాటు పెళ్లలు విరిగిపడే అవకాశం ఎక్కువ. కింద తీరం మీద నడిచేవారు ఎండ నుంచి తప్పించుకోవడానికి కొండ నీడలో విశ్రమించడం కూడా ఇదే కారణంగా తగదు. వీపున సంచితో ఫొటో కోసం వెనక్కు అడుగులు వేసేవారికి చెప్పవలసింది ప్రత్యేకంగా ఏమీ లేదు. ముందు ఆగండి, తర్వాత ఫోన్ తీయండి.

ఎలాంటి పాదరక్షలు వేసుకోవాలి?

గట్టి బాటకు మామూలు నడక బూట్లు చాలు, కొండ అంచు బాటకు గాడులున్న అడుగు కావాలి. వేళ్ల మధ్య పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు ఇసుక తీరం దాటి ఎక్కడా పనికిరావు. తడి రాళ్ల మీద నడవవలసి వస్తే రంగును చూడండి. పచ్చగా మెరిసే పాకుడు ఉన్నచోట ఏ బూటూ ఆగదు, గరుకుగా గుల్లలు అంటుకున్న రాతి మీద కాలు కొంత నిలుస్తుంది గానీ పడితే చర్మం చీరుకుపోతుంది.

ఇసుకలో చెప్పులు లేకుండా నడవడం సుఖమే. ఒడ్డుకు కొట్టుకువచ్చిన జెల్లీచేపలు, నీలిరంగు తిత్తిలా కనిపించే వాటి దూరపు బంధువులు చచ్చి ఎండిన తర్వాత కూడా కుట్టగలవని మాత్రం గుర్తుంచుకోవాలి.

గాలి చల్లగా ఉన్నప్పుడు ఎండ గురించి భయపడాలా?

చల్లగా ఉన్నప్పుడే భయపడాలి. నేల నీటికంటే త్వరగా వేడెక్కి, దాని మీది గాలి పైకి లేవడంతో సముద్రం మీది చల్లటి గాలి ఒడ్డుకు వస్తుంది. పొద్దెక్కాక మొదలయ్యే ఈ సముద్రపు గాలి మధ్యాహ్నం బలపడుతుంది. అది చెమటను ఆరబెట్టి, ఒంట్లో నీరు ఎంత పోతోందో తెలియనివ్వదు. అతినీలలోహిత కిరణాలు గాలికి చల్లబడవు. పైగా పొడి ఇసుక వాటిలో సుమారు 15 శాతాన్ని, నురుగు సుమారు 25 శాతాన్ని తిరిగి పైకి కొడతాయి. టోపీ అంచు ఆపలేని ఎండ ఇది. పలుచటి మబ్బు కూడా ఈ కిరణాలను పెద్దగా ఆపదు.

మీ నీడ మీ కంటే పొట్టిగా ఉన్నంతసేపు తీరం మీద దీర్ఘమైన నడక పెట్టుకోకపోవడం సులభమైన కొలమానం. వేడి రోజుల్లో మనిషికి గంటకు అర లీటరు చొప్పున నీళ్లు వెంట ఉండాలి. ఎదురుగాలి వెళ్లేటప్పుడే ఉండేలా దిశను ఎంచుకుంటే, అలిసిన కాళ్లతో తిరిగి వచ్చేటప్పుడు గాలి వెనుక నుంచి తోడవుతుంది.

ఉరుములు, పొగమంచు వస్తే?

మెరుపు కనిపించినప్పటి నుంచి ఉరుము వినిపించేదాకా గడిచిన సెకన్లను మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. ముప్పై సెకన్లలోపే వినిపిస్తే పిడుగు మిమ్మల్ని చేరగల దూరంలో ఉన్నట్టే. చదునైన తీరం మీద అన్నిటికంటే ఎత్తుగా ఉన్నది మీరే కనుక వెంటనే పక్కా భవనంలోకో, పైకప్పు ఉన్న వాహనంలోకో చేరి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. ఒంటరి చెట్టు, గొడుగు, రేకుల పాక ఆశ్రయం కావు.

తేమతో నిండిన వెచ్చటి గాలి చల్లటి నీటి మీదుగా వచ్చినప్పుడు పుట్టే సముద్రపు పొగమంచు ఎండ కాస్తున్న రోజున కూడా నిమిషాల్లో కమ్ముకుంటుంది. కొండ అంచు బాటలో ఉంటే కనిపించినంత మేరకే కదలాలి, లేదా విడిపోయేదాకా కూర్చోవాలి.

చక్రాల కుర్చీలోనో, పిల్లల బండితోనో వెళ్లగలమా?

"తేలిక" అన్న మాటను నమ్మి బయలుదేరకూడదు. మూడే మెట్లున్నా ఆ దారి వీరికి మూసినట్టే. అడిగి తెలుసుకోవలసినవి వాలు, వెడల్పు, ఉపరితలం, మధ్యలో గేట్లు. 20 అడుగులకు ఒక అడుగు మించని వాలు హాయిగా సాగుతుంది, 12కు ఒకటి అంటే కొద్ది దూరానికి మాత్రమే, అదీ తోసేవారుంటే. సముద్రపు గట్టు మీది బాట, చెక్కబాట, పాత రైలు కట్టను మార్చి వేసిన దారి సాధారణంగా అనువుగా ఉంటాయి. ఇసుకలో కూరుకుపోకుండా లావుపాటి గాలి చక్రాలున్న కుర్చీలను కొన్ని తీరాల్లో అద్దెకో ఉచితంగానో ఇస్తారు.

వృద్ధుల విషయంలో దూరం కంటే కూర్చునే చోట్ల మధ్య దూరం ముఖ్యం. చిన్నపిల్లలకు దారి ఎంత పొడవన్నది లెక్కే కాదు, దారిలో నీటిగుంటలు ఎన్ని ఉన్నాయన్నదే లెక్క.

ఇసుకదిబ్బల మీద నడవవద్దని ఎందుకు అంటారు?

దిబ్బను నిలబెట్టేది దాని మీది గడ్డి, తీగల వేళ్లు. పదేపదే తొక్కితే అవి చచ్చిపోతాయి, ఆ గాడి గుండా గాలి ఇసుకను ఎత్తుకుపోతుంది, తుఫాను రోజున పట్టణానికి అడ్డుగా ఉండవలసిన గోడకు కన్నం పడుతుంది. చెక్కబాట వేసింది మీ కాళ్ల సుఖానికే కాదు.

తీరపు ఉల్లంకులు, రీవలు అనే పక్షులు గూడంటూ కట్టకుండా ఇసుక మీదనే గుడ్లు పెడతాయి. గులకరాళ్ల రంగులో ఉండే ఆ గుడ్లు తొక్కేదాకా కనిపించవు. ఒక పక్షి మీ ముందు రెక్క విరిగినట్టు కుంటుతూ పోతుంటే దగ్గరలో గుడ్లో పిల్లలో ఉన్నట్టే, వచ్చిన అడుగుల్లోనే వెనక్కు వెళ్లండి. ఆ కాలంలో కుక్కను తాడు వదలకూడదు. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరంలో రాత్రిపూట టార్చి వెలుగు తాబేలు పిల్లలను తప్పుదారి పట్టిస్తుంది, అవి కాంతి ఎక్కువగా ఉన్న వైపే సముద్రమనుకుని కదులుతాయి.

ఉప్పుటేటి మొగను కాలినడకన దాటవచ్చా?

స్థానికులు దాటుతుంటే చూసి, వారితో పాటు తప్ప దాటవద్దు. మొగ దగ్గర ఇసుక మేట ఒక్క వానకే చోటు మారుతుంది, నీరు తీసేటప్పుడు ఏటి ప్రవాహమూ ఆటూ ఒకే దిశలో కలిసి లాగుతాయి. ఊబిలో కాలు దిగితే మనిషి పూర్తిగా మునిగిపోడు. ఊబి సాంద్రత మనిషి ఒంటికి సుమారు రెట్టింపు కనుక నడుము దాకా దిగి ఆగుతుంది. ప్రమాదమల్లా కదలలేకుండా ఉన్నప్పుడు పోటు రావడం. వెనక్కు వాలి బరువును పరచి, కాళ్లను కొద్దికొద్దిగా ఆడిస్తూ నీరు లోపలికి చేరనిస్తే పట్టు సడలుతుంది.

ఫోన్‌లో పటం ఉంటే సరిపోదా?

ముందుగా దించుకుంటే సరిపోతుంది. సిగ్నల్ లేకపోయినా ఫోన్ ఉపగ్రహాల ద్వారా మీరున్న చోటును చూపగలదు, పటం మాత్రం అందులో ఉండాలి. కొండ నీడన సిగ్నల్ తెగిపోవడం మామూలే.

సూర్యాస్తమయం చూసి తిరిగి రావాలంటే?

సూర్యుడు మునిగాక వెలుతురు ఎంతసేపు ఉంటుందన్నది అక్షాంశాన్ని బట్టి ఉంటుంది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న తీరాల్లో ఇరవై, పాతిక నిమిషాలలో దారి కనిపించడం మానేస్తుంది, ఉత్తరాన వేసవిలో గంటకు పైగా కనిపిస్తూ ఉంటుంది. తలకు కట్టుకునే దీపం ఉంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. వెళ్లేటప్పుడే ఒకసారి వెనక్కు తిరిగి, దారి చీలిన చోట్లు తిరుగుదిశ నుంచి ఎలా కనిపిస్తాయో చూసుకోవడం మా అలవాటు.

దారి మూసి ఉందని బోర్డు పెట్టారు గానీ జనం వెళ్తూనే ఉన్నారు. వెళ్లవచ్చా?

వెళ్లకూడదు. ఇటలీలోని చింక్వే తెర్రెలో రెండు ఊళ్లను కలిపే వియా దెల్ అమోరే కిలోమీటరు కూడా లేని, చదునైన, అందరూ నడవగలిగిన బాట. 2012లో దాని మీద రాళ్లు విరిగిపడి నలుగురు గాయపడ్డారు. దాన్ని బాగుచేసి 2024లో గానీ పూర్తిగా తిరిగి తెరవలేదు. బోర్డు పెట్టినవారు చూసినది కొండ పైభాగాన్ని, నడిచేవారికి కనిపించేది కాళ్ల ముందున్న చదును బాటను మాత్రమే.